సగటాయన రాసిన తప్పు

ఆయన బీమా కంపెనీలో గణాంకాలు చూసేవాడు. ఆఫీసులో నోట్లో నాలుక లేని మనిషి, లెక్కల మీద బ్లాగు రాయడానికి కూర్చుంటే మాత్రం పట్టపగ్గాలుండేవి కావు. చదువరులు ముద్దుగా "సగటాయన" అని పిలిచేవారు. పళ్ళ డాక్టరైన భార్యకు లెక్కలంటే ఆమడ దూరం. అయినా ఆయన చమత్కారాల కోసం అన్నీ చదివేది.

అలా రాసేవాళ్ళు ఇంకా చాలామంది ఉండేవారు. ఒకాయన చిన్న ఋజువును కూడా ఏరులా పారించేవాడు. ఒకావిడ మాటే లేకుండా బొమ్మలతో సిద్ధాంతం తేల్చేసేది. ఒక పంతులమ్మ బడిపిల్లల తప్పుల్ని మురిపెంగా రాసేది. ఇద్దరు ఉద్దండులైతే సంభావ్యతకు అర్థమేమిటని ఏళ్ళ తరబడి జుట్లు పట్టుకునేవారు.

"ఉన్నది ఒకటే లెక్క కదండీ, ఇన్ని రకాలుగా రాయడమెందుకు?" అని అడిగింది భార్య ఓసారి.

"పళ్ళు అందరికీ ఉన్నాయి. నవ్వు ఒకటేనా?" అన్నాడాయన.

ఒక ఆదివారం ఆయన ఇలా రాశాడు: నాణెం ఎగరేస్తే బొమ్మ పడే అవకాశం సగం. రెండుసార్లు ఎగరేస్తే సగమూ సగమూ కలిసి నిండు. కాబట్టి ఒక్కసారైనా బొమ్మ పడి తీరుతుంది.

"సగటాయన మళ్ళీ ఉచ్చు పన్నాడు, తప్పు పట్టండి చూద్దాం!" అని చదువరులు చప్పట్లు కొట్టారు. భార్య నవ్వుతూ ఆ వ్యాఖ్యలు చదివి వినిపించింది.

"ఉచ్చేమిటి? సరిగ్గానే రాశానుగా?" అన్నాడాయన.

నటిస్తున్నాడనుకుని ఆవిడ పర్సులోంచి నాణెం తీసి ఎగరేసింది. బొరుసు. మళ్ళీ బొరుసే. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇలా పడకూడదే..."

ఆ గొంతులోని భయం విని ఆవిడ నాణెం తీసేసుకుంది.

పరీక్షలయ్యాయి. వయసు కాని వయసులో మతిని తినేసే జబ్బన్నారు. ఇంటికొచ్చి ఆయన చెప్పిన మొదటి మాట, "సరదాకి రాయలేదని వాళ్ళకి చెప్పాలి."

"ఎందుకండీ? అలాగే అనుకోనివ్వండి."

"చూపని తెలివికి మెచ్చుకోలేమిటే? నువ్వు కొట్టు, నేను చెప్తా."

ఆయన చెప్పినట్టే ఆవిడ కంప్యూటర్లో కొట్టింది: "అది ఉచ్చు కాదు, నా తప్పే. నాకు జబ్బు చేసింది. సరైన జవాబు మీలో ఎవరైనా రాయండి."

ఏరులా రాసే ఆయన "ఏం రాయాలో తోచడం లేదు" అని ఒక్క ముక్కతో ఆగిపోయాడు. ఉద్దండులిద్దరూ మొదటిసారి ఒక్క మాట మీద నిలబడి జవాబు రాశారు.

ఏడాది తిరిగేసరికి ఆయనకు చదవడం పోయింది. సాయంత్రాలు క్లినిక్ మూసి వచ్చి, ఆవిడ ఆయన పాత రాతలే వినిపించేది. ఒకరోజు మధ్యలో చెయ్యెత్తి ఆపాడు.

"ఎవరితను? బాగా రాస్తాడు. కానీ ఇక్కడ తొందరపడ్డాడు. ఒక మెట్టు వదిలేశాడు. చెప్పు అతనికి."

ఆవిడ వంటగదిలోకి వెళ్ళి పంతులమ్మకు ఫోన్ చేసి, ఆ లెక్క చదివి, మెట్టేమైనా తప్పిందా అని అడిగింది. అవతల కాసేపు కాగితాల చప్పుడు.

"లేదండీ, అన్ని మెట్లూ ఉన్నాయి. ఆయన సరిగ్గానే రాశారు" అందామె మెల్లగా.

ఆవిడ కళ్ళు తుడుచుకుని వచ్చి పక్కన కూర్చుంది.

"చెప్పానండీ. ఒప్పుకున్నాడు, దిద్దుకుంటానన్నాడు."

"మంచివాడే పాపం," అన్నాడాయన. "చదువు, తరవాతేం రాశాడో."