గేటు దాకా పందెం

ఆ రోడ్డు చదునుగా ఉంటుందని చెప్పింది నేనే. మా ఆవిడతో చెప్పాను, సైకిల్ షాపతనితో చెప్పాను, అడగనివాళ్ళకి కూడా చెప్పాను. ఉద్యోగమంతా ఆ రూటులోనే బస్సు నడిపినవాణ్ణి, నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? మొదటి రోజు పొద్దున్న ఊరు దాటీ దాటకముందే తెలిసొచ్చింది. కంటికి ఆనని ఎత్తు ఒకటి మొదలై, తరగకుండా అలా సాగుతూనే ఉంది. బస్సులో కుడికాలు కాస్త నొక్కితే సరిపోయేది. ఆ ఎత్తునంతా ఇన్నేళ్ళూ ఇంజను మింగేసి నాకు చెప్పకుండా దాచిందన్నమాట. పైగా వాన. దానికి తోడు ఎదురుగాలి.

తిట్టుకుంటూ తొక్కాను. ఎవర్నంటే, గంటయ్యని.

గంటయ్య నా కండక్టరు. అసలు పేరు వాళ్ళ రేషన్ కార్డుకి తప్ప ఎవరికీ తెలియదు, అందరికీ గంటయ్యే. మా పాత బస్సుల్లో పైన ఒక తాడు ఉండేది, కండక్టరు లాగితే నా తల పక్కన గంట మోగేది. ఒకసారి మోగితే ఆగు, రెండుసార్లు మోగితే పద. కొత్త బస్సుల్లో బటన్లు వచ్చినా ఆయన తాడు కట్టించుకున్నాడు. ఆ గంట మోగనిదే నేను బండి కదపలేదు, ఆగమని మోగాక ఆపకుండా ఉండలేదు. ఆయన నన్ను బావా అనేవాడు, నేనూ ఆయన్ని బావా అనేవాణ్ణి. ఏ చుట్టరికమూ లేదు.

ఇద్దరం ఒకే నెలలో రిటైరయ్యాం. ఆయన ఇల్లు రూటుకి ఆ చివర, మాది ఈ చివర. రిటైరయ్యాక ఇద్దరం సైకిళ్ళు కొనుక్కుని ఈ రోడ్డంతా నెమ్మదిగా తొక్కుకుంటూ పోవాలని, ఎక్కడ బుద్ధి పుడితే అక్కడ ఆగాలని ఎప్పట్నించో అనుకున్నాం. సైకిళ్ళు కొన్నాం కూడా. ఇంతలో ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది.

చెల్లెమ్మ, అంటే ఆయన భార్య, ఓ రోజు ఫోన్ చేసి ఏడ్చేసింది.

"అన్నయ్యా, మీరైనా చెప్పండి. కసరత్తు చేయించే డాక్టరమ్మ రోజూ వస్తోంది. ఇప్పుడు లేచి అడుగెయ్యకపోతే ఆ కాలు ఇక అలాగే బిగుసుకుపోతుందట. ఈయనేమో గోడ వైపు తిరిగి పడుకుంటున్నాడు. ఎవరు లెమ్మన్నా వినడు."

"ఫోన్ ఆయన చెవి దగ్గర పెట్టమ్మా," అన్నాను.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజు ఇంకాస్త ముందుకొచ్చింది.

"ఏం బావా, మొండికేశావట! సరే, పందెం. నేను సైకిల్ మీద బయల్దేరి మీ ఇంటికి వస్తా. మధ్యలో ఇంజనున్న ఏ బండీ ఎక్కను. నేనలా వస్తే, నువ్వు మీ గేటు దాకా నడిచి రావాలి. నేను బండి ఎక్కానో, పందెం నీదే. అప్పుడిక నిన్ను లెమ్మని ఎవ్వరూ అడగరు, చెల్లెమ్మ కూడా అడగదు. అది నా పూచీ. ఏమంటావ్?"

 ఫోన్లో మంచం ఊచ మీద స్పూను చప్పుడు వినబడింది. టంగ్, టంగ్. రెండు.

మా ఆవిడ విని నెత్తి కొట్టుకుంది. "ఆయన్ని లేపడానికి మీరు పడిపోయేలా ఉన్నారు. వానాకాలం అని తెలుసా లేదా?" అంది. అంటూనే నా బట్టలు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి, మూతులు రబ్బరు బ్యాండ్లతో కట్టి, క్యారియర్ మీద తాళ్ళతో బిగించింది. "మోకాలు నొప్పెడితే దిగి నడవండి. నడిస్తే పందెం ఏమీ పోదుగా," అంది. ఆ మాట నాకు తట్టనే లేదు. దారంతా ఎన్నిసార్లు ఆ మాటకి ఆమెకి దణ్ణం పెట్టుకున్నానో నాకే తెలుసు.

వాన మొహం మీద కొడుతుంటే తెలియకుండానే రోడ్డు మధ్యకి వచ్చేసేవాణ్ణి. బస్సు నడిపిన చేతులు కదా, రోడ్డంతా మనదే అనుకుంటాయి. వెనక నుంచి లారీ ఒకటి హారన్ మోగించి మోగించి, పక్కకొచ్చాక డ్రైవరు తల బయటపెట్టాడు.

"ఏం పెద్దాయనా, నువ్వేమన్నా బస్సనుకుంటున్నావా?"

"అనుకుంటున్నాన్రా, నీకేం?" అని అరిచాను. తర్వాత నాకే నవ్వొచ్చింది. ఆ అబ్బాయి మాత్రం ఎత్తు దాటేదాకా నా ముందు నెమ్మదిగా పోయాడు. లారీ వెనక గాలి తగల్లేదు. పైకెక్కాక చెయ్యూపి వెళ్ళిపోయాడు. తిట్టించుకుని మరీ సాయం చేసినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

మధ్యాహ్నానికి మా డిపో బస్సే వచ్చి నా పక్కన ఆగింది. డ్రైవరు నేను పని నేర్పిన కుర్రాడు.

"గురువుగారూ! ఇదేం పని? సైకిల్ పైన వేయిస్తా, ఎక్కండి."

తలుపు తెరుచుకుంది. లోపలి వెచ్చని గాలి మొహానికి తగిలింది. నిజం చెప్పాలంటే కాలు దానంతటదే మెట్టు వైపు వెళ్ళింది. "పోరా, టైం అవుతోంది, పో!" అని కసిరాను. వాడు తన ఫ్లాస్కు నా చేతిలో పెట్టి, "టీ ఉంది. ఫ్లాస్కు డిపోలో ఇచ్చెయ్యండి," అని వెళ్ళిపోయాడు. ఆ టీ తాగుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాన అనుకున్నాను కానీ వాన చల్లగా ఉంటుంది కదా.

సాయంత్రానికి సగం దారిలో ఉన్న ఊరు చేరాను. ఒళ్ళు హూనమైంది, వేళ్ళు బ్రేకు మీదే బిగుసుకుపోయాయి. బస్టాప్ ఎదురుగా ఒక లాండ్రీ ఉంది. ఆ స్టాపులో ఎన్ని వేలసార్లు ఆగానో, ఆ కొట్టు లోపల ఏముందో ఒక్కసారీ చూడలేదు. చూరు కింద నిలబడితే లోపల్నుంచి ఒకావిడ కేకేసింది. నా వయసే ఉంటుంది.

"అక్కడే నిలబడి ఏం చేస్తావయ్యా? నీ ఒంటి మీంచి కారే నీళ్ళన్నీ ఉతికిన బట్టల మీదకే వస్తున్నాయి. లోపలికి రా!"

వెళ్ళాను. ఇరుకు గది. ఒక పక్క తడి దుప్పట్లు, ఒక పక్క మడతలు, మధ్యలో కాలిన మచ్చలున్న ఇస్త్రీ బల్ల. ఎవరో తీసుకెళ్ళని దుప్పటి ఒకటి నా మీదకి విసిరి, తెర వెనక్కి పంపించి, నా బట్టలు లాక్కుంది. నేను దుప్పటి చుట్టుకుని స్టూలు మీద కూర్చుంటే ఆవిడ నా మేజోళ్ళకి ఇస్త్రీ చేస్తోంది. ఒక్కో మేజోడు లోంచీ ఆవిరి లేస్తోంది.

"ఎక్కడికి ఈ వానలో?"

"రూటు చివరికమ్మా. గంటయ్య అని, బస్సు కండక్టరు..."

ఇస్త్రీ పెట్టె ఆగిపోయింది. "గంటయ్యా? నువ్వెవరు?"

"ఆ బస్సు డ్రైవర్ని."

ఆవిడ నా మొహంలోకి పరీక్షగా చూసింది. "ఇన్నేళ్ళూ నీ వీపే చూశానయ్యా. మొహం ఇలా ఉంటుందా!" అని ఫక్కున నవ్వింది.

అప్పుడు చెప్పింది. ఆవిడ బట్టల మూటలు బస్సులో పక్క ఊళ్ళకి పంపేదట. మూటలన్నీ ఎక్కేదాకా గంటయ్య తాడు ముట్టుకునేవాడు కాదట. వానరోజుల్లో తన కోటు విప్పి మూటల మీద కప్పేవాడట. ఆ స్టాపులో ఎందుకింత ఆలస్యం అని నేను స్టీరింగ్ మీద దరువేస్తూ సణుక్కునేవాణ్ణి, ఆయనేమో "ముసలావిడ ఎక్కుతోంది బావా," అని చెప్పేవాడు.

"నన్ను ముసలావిడ అన్నాడా?" ఆవిడకి రోషం వచ్చింది. "రానీ, చెప్తా."

రాలేడని చెప్పాను. జరిగిందంతా చెప్పాను, పందెం సంగతితో సహా. ఆవిడ పై అర లోంచి ఒక చొక్కా తీసింది. యూనిఫారం చొక్కా, కాలరు కత్తిలా నిలబడింది.

"డ్యూటీ ఆఖరి రోజున ఉతకమని ఇచ్చాడు. పంపనా అంటే వద్దన్నాడు. మా డ్రైవరుతో కలిసి సైకిల్ మీద వచ్చి తీసుకుంటా, అప్పుడు వాడి మొహం కూడా చూద్దువుగాని అన్నాడు. అప్పట్నించీ దుమ్ము పట్టినప్పుడల్లా మళ్ళీ ఇస్త్రీ చేసి పెడుతున్నా." చొక్కాని ప్లాస్టిక్ కవర్లో పెట్టి నా ఒళ్ళో పెట్టింది. "తడవనియ్యకు. నువ్వు తడిస్తే తడువు."

ఆ రాత్రి వెనక గదిలో మూటల మీద పడుకోనిచ్చింది. అంత వెచ్చగా నేను ఏ లాడ్జిలోనూ పడుకోలేదు. పొద్దున్నే పొడి మేజోళ్ళు వేసుకుంటుంటే, ఇవాళ ఎలాగైనా చేరతాను అనిపించింది.

రెండో రోజు వాన ఇంకా పెరిగింది. రెయిన్‌కోటు నేను తొడుక్కోలేదు, చొక్కా చుట్టూ చుట్టి క్యారియర్‌కి కట్టాను. ఎత్తులన్నీ అయిపోయాయి. ఇక కాస్త దూరమే ఉంది. గంటయ్య ఊరి మేడలు వానలో మసగ్గా కనబడుతున్నాయి. సరిగ్గా అక్కడ, వాగు రోడ్డు మీద నుంచి పారుతోంది.

చిన్న వంతెన మునిగిపోయింది. ఈ పక్క జనం, ఆ పక్క జనం. ఒక ట్రాక్టరు మాత్రం ట్రాలీలో మనుషుల్ని ఎక్కించుకుని అటూ ఇటూ దాటిస్తోంది.

"ఎక్కు పెద్దాయనా," అన్నాడు ట్రాక్టరతను.

"నేను నడిచి దాటతా."

"నడుస్తావా? నీ సైకిల్ ఒక ఊళ్ళో దొరుకుతుంది, నువ్వు ఇంకో ఊళ్ళో దొరుకుతావు. చీకటి పడితే నేనూ పోతా. తర్వాత నీ ఇష్టం."

చుట్టూ తిరిగొచ్చే దారి లేదు. వాగు తగ్గాలంటే ఎన్నాళ్ళో తెలియదు. నేనలా తల ప్రాణం తోకకొచ్చి నిలబడి ఉంటే, జనం జరిగి నాకు చోటిచ్చారు. ఇద్దరు సైకిలెత్తి ట్రాలీలో నిలబెట్టారు. ఎక్కాను. ఎక్కి, సైకిల్ సీటు మీద కూర్చుని, పెడల్ మీద కాళ్ళు పెట్టాను.

"ఇదేంటి తాతా?" అంది ఒక అమ్మాయి.

"సైకిల్ మీదే వచ్చానని చెప్పుకోవాలి కదమ్మా."

ట్రాలీ అంతా ఘొల్లుమంది. ఇద్దరు అటూ ఇటూ హ్యాండిల్ పట్టుకుని నన్ను పడకుండా కాశారు. నేనూ నవ్వాను. కానీ ఇంజను ఇంజనే. పందెం పోయింది. గంటయ్య ఇక గోడ వైపే తిరిగి పడుకోవచ్చు, అడిగే హక్కు నేనే తీసేశాను.

చెప్పకుండా ఉండొచ్చు కదా అనుకున్నాను, నిజంగానే. కానీ బ్రేకు వేసిన తీరుని బట్టి ఇంట్లో మా ఆవిడతో గొడవపడ్డానో లేదో చెప్పేవాడు ఆయన. ఆయన దగ్గర ఏం దాస్తాను?

వాళ్ళ వీధిలోకి తిరిగేసరికి ఇంకా వెలుతురుంది. గేటు మూసి ఉంది. గేటు దగ్గర ఎవరూ లేరు. సీటు దిగకుండా ఒక కాలు నేల మీద ఆనించి బెల్లు కొట్టాను. మళ్ళీ కొట్టాను.

తలుపు తెరుచుకుంది. గంటయ్య. సగానికి సగమయ్యాడు. కుడి చెయ్యి చెల్లెమ్మ భుజం మీద వేలాడుతోంది, ఎడమ చేతిలో ఊతకర్ర. వసారా అంచు దాకా వచ్చి ఆగాడు. అక్కణ్ణించి గేటుకి వానలో తడిసిన సిమెంటు బాట. కొంచెమే, కానీ ఆయనకి అది మా రూటంత.

"బావా!" అని అరిచాను. "ఓడిపోయాను. వాగు దగ్గర ట్రాక్టరెక్కాను. పందెం నీదే. నువ్వు రానక్కర్లేదు."

చెల్లెమ్మ మొహం వాడిపోయింది. గంటయ్య నన్నే చూస్తున్నాడు. నేను ఏడుస్తూ, వెనక క్యారియర్ మీది రెయిన్‌కోటు విప్పి, కవర్లోని యూనిఫారం చొక్కా పైకెత్తి చూపించాను. "లాండ్రీ ఆవిడ పంపింది. నా మొహం చూసిందిలే. ముసలావిడ అన్నావట, నీ సంగతి చెప్తానంది."

ఆయన మొహంలో ఎడమ సగం నవ్వింది. తర్వాత తల తిప్పి తను ఆనుకున్న భుజాన్ని చూశాడు. మళ్ళీ నన్ను చూశాడు. నేను ట్రాక్టరు సాయం తీసుకుంటే తను చెల్లెమ్మ భుజం సాయం తీసుకున్నాడు, అంతే కదా తేడా. కర్రతో నేల మీద కొట్టాడు. ఒకటి. రెండు.

కాలు ముందుకేశాడు. కుడికాలు ఈడ్చుకుంటూ వచ్చింది. చెల్లెమ్మ గొడుగు మాట మర్చిపోయింది, ముగ్గురం తడిశాం. మధ్యలో ఒకసారి తూలాడు. నేను గేటు తోసుకుని వెళ్ళబోయి ఆగాను. గంట మోగకుండా బండి దిగడం నాకు అలవాటు లేదు.

వచ్చాడు. ఆయాసపడుతూ కర్రెత్తి గేటు ఊచకి కొట్టాడు. టంగ్. ఒక్కటే.

అప్పుడు సైకిల్ దిగాను. గేటు తెరిచి పట్టుకున్నాను ఆయన్ని. "థాంక్స్ బావా," అన్నాను. ఇన్నేళ్ళలో ఆ మాట ఎప్పుడూ అనలేదు, ఎందుకో అవసరం రాలేదు. ఆయన గొంతులో ఏదో చప్పుడు వచ్చింది.

"ఉండండి, కుర్చీ తెస్తాను, కూర్చోబెట్టి లోపలికి తీసుకెళ్దాం," అంది చెల్లెమ్మ.

గంటయ్య తల అడ్డంగా ఊపాడు. కర్రతో ఊచ మీద మళ్ళీ కొట్టాడు, రెండుసార్లు. నా వైపు, తర్వాత ఇంటి వైపు చూశాడు. ముందు నన్ను నడవమని.

పొడి చొక్కాని గుండెలకి హత్తుకుని నడిచాను, ఎంత నెమ్మదిగా వీలైతే అంత నెమ్మదిగా. వెనక కాలు ఈడుస్తున్న చప్పుడు వస్తూనే ఉంది. వెనక్కి తిరిగి చూడలేదు. ఆయన వెనక ఉన్నప్పుడు నేనెప్పుడూ చూడలేదు.