ఎముక లోపలి గీత

మీ దగ్గర దాచడమెందుకు, గీతలక్కకి పొగరు. ముప్పై ఒక్కేళ్లు ఒకే కుర్చీలో కూర్చుని సంపాదించుకున్న పొగరు. దాన్ని వదులుకునే ఉద్దేశం కూడా ఆవిడకి ఎప్పుడూ లేదు.

అప్పటికి ఉదయం తొమ్మిది కావస్తోంది. స్క్రీన్ మీద ఒక మనిషి తల, బ్రెడ్డు కోసినట్టు పల్చటి ముక్కలుగా తెరుచుకుని ఉంది. నూట నలభై ముక్కలు. కిరణం పడాల్సిన చోటు చుట్టూ ఎర్రగీత, పడకూడని చోటు చుట్టూ పచ్చగీత. ఆసుపత్రి రేడియేషన్ విభాగంలో ఆవిడ పనల్లా అదే: గీతలు గీయడం, యంత్రం ఏ వైపు నుంచి ఎంత కొట్టాలో ప్లాన్ వెయ్యడం. అందుకే ఊడ్చే ఆవిడ దగ్గర్నుంచి డాక్టరమ్మ దాకా అందరికీ గీతలక్కే. పొట్టి మనిషి. కళ్లద్దాలకి తాడు. ఆవిడ కుర్చీ ఎత్తు ఎవరైనా మార్చారో, ఆ పూటకి వాళ్ల పని అయిపోయినట్టే.

ఉద్యోగానికి ఆ రోజే ఆఖరి రోజు. సాయంత్రం నాలుగింటికి కేకు కోస్తామని ఆఫీసు నుంచి ఫోనొచ్చింది.

"క్రీము లేనిది తెమ్మనండి," అని ఫోన్ పెట్టేసి, మళ్లీ తలలో తల పెట్టింది.

ఆ తల ఒక గడియారాలు బాగుచేసే ఆయనది. చెంప మీద చర్మ క్యాన్సర్ వచ్చింది. కోసి తీసేశారు. కానీ అది అప్పటికే చర్మం కింది నరాన్ని పట్టుకుని, గోడలో చెమ్మ పాకినట్టు, కంటి కింద ఎముకలోంచి తల లోపలికి బయల్దేరింది. ఆ వైపు కన్నే ఆయనకున్న చూపు. రెండోది చిన్నప్పుడే పోయింది.

కాసేపటికి, తల కదలకుండా ముఖానికి వేసే వల మాస్కు సరిచూడ్డానికి ఆయన్ని తీసుకొచ్చారు. మాస్కులోంచే రెండుసార్లు దగ్గాడు. తీశాక అడిగాడు.

"అమ్మా, ఈ కొట్టేది కంటికి తగులుతుందా?"

"తగులుతుంది. ఎంత తగలాలో నేను చూసుకుంటా."

"కాస్త చూసి తగలనివ్వండి. ఇప్పటికే మా ఆవిడ నన్ను పూర్తి గుడ్డోడి కింద జమకట్టేసింది."

"ఏం పాపం?"

"సెకన్ల ముల్లు కనపడుతుందంట, నిండిపోయిన చెత్తబుట్ట కనపడదంట."

"దానికి మా దగ్గర మందు లేదండీ."

ఆయన నవ్వబోయి, కుట్లు లాగితే చెంప పట్టుకున్నాడు.

పన్నెండింటికి మీటింగు. బల్ల మీద రెండు ప్లాన్లు. గీతలక్కది ఆగి కొట్టే పద్ధతి: యంత్రం తొమ్మిది చోట్ల నిలబడి, ఒక్కోచోట నుంచీ కిరణం పంపుతుంది. రెండోది విభాగంలో ఫిజిక్స్ చూసే ఆయనది. ఆయన్ని అందరూ సారు అంటారు, గీతలక్క మాత్రం తమ్ముడూ అంటుంది. అతనిది తిరుగుతూ కొట్టే పద్ధతి: యంత్రం తల చుట్టూ ఎక్కడా ఆగకుండా తిరుగుతూనే కొడుతుంది. కంటి నరానికి తగిలే మోతాదు యాభై నాలుగు గ్రేలు దాటితే చూపుకి ప్రమాదం. గీతలక్క ప్లాన్లో యాభై రెండు. తమ్ముడి ప్లాన్లో ముప్పై ఒకటి. పైగా మనిషి కదలకుండా పడుకోవాల్సింది ఆవిడ దాంట్లో పద్దెనిమిది నిమిషాలు, అతని దాంట్లో నాలుగు.

"ముప్పై ఒకటంటే ఇంక ఆలోచించేదేముంది? రేపే మొదలుపెట్టేద్దాం," అంది డాక్టరమ్మ.

"ఆఖరి రోజు ఓడించానని ఏమనుకోకక్కా," అన్నాడు తమ్ముడు.

"అనుకుంటాను," అంది గీతలక్క.

అన్నం డబ్బా మూత తియ్యలేదు. ముప్పై ఒకటి మింగుడు పడలేదు. అదే తల, అదే యంత్రం. మిగతా ఇరవై ఒకటీ ఎటు పోయినట్టు? తమ్ముడి ప్లాన్ తెరిచి, కింది నుంచి ఒక్కో ముక్కా చూసుకుంటూ పైకెళ్లింది. చెంప దగ్గర ఎర్రగీత ఉంది. కంటి అంచు కింద ఉంది. అరవై రెండో ముక్కలో నరం ఎముకలోకి దూరింది. అక్కడ గీత లేదు. అరవై మూడులో లేదు. ఆ పైన అసలే లేదు.

తమ్ముడు కొత్తగా వచ్చిన, దానంతటదే గీసే సాఫ్ట్‌వేర్‌తో గీయించాడు. అది స్కాన్లో కనపడినంత మేరే గీసి ఆపేసింది. ఎముక లోపల ఆ నరం కనపడదు. గీతలక్క తన ప్లాన్లో, నరం వెళ్లే దారి వెంట అక్కడి నుంచి ఇంకో ఇరవై మూడు ముక్కలు, మెదడు అడుగు దాకా చేత్తో గీసింది. తమ్ముడి ప్లాన్లో కంటికి అంత తక్కువ తగిలిందంటే, కిరణం క్యాన్సర్ దాకా వెళ్లనేలేదన్నమాట. మీటింగులో అందరూ రెండు వేరే గీతల మీద వేసిన ప్లాన్లని పక్కపక్కన పెట్టి పోల్చారు.

ఆవిడకి ముందు కలిగింది సంతోషమే. తర్వాత ఆ చెంప పట్టుకున్న మనిషి గుర్తొచ్చాడు.

"తమ్ముడూ, ఇలా రా. అరవై రెండు చూడు."

అతను చూశాడు. కుర్చీ లాక్కుని కూర్చుని మళ్లీ చూశాడు. "నేను రెండుసార్లు సరిచూశానక్కా."

"గీత ఉన్నచోట సరిచూశావు."

ఆవిడ గీతల మీద అతని ప్లాన్ మళ్లీ వేశారు. కంటి నరానికి యాభై ఎనిమిది. తమ్ముడు మొహం తుడుచుకున్నాడు.

"సరే, గెలిచావు. నీదే పెడదాం. డాక్టరమ్మకి నేనే చెప్తాను."

గీతలక్క తన ప్లాన్ వైపు చాలాసేపు చూసింది. ఎంత ముద్దుగా ఉందో. కానీ పద్దెనిమిది నిమిషాలు. ఆ మనిషి మాస్కు కింద రెండు నిమిషాలు దగ్గకుండా ఉండలేకపోయాడు. తల వెంట్రుకవాసి జరిగినా, యాభై రెండు కాస్తా యాభై ఆరవుతుంది.

"నాది కాగితం మీద గెలుస్తుంది," అంది. "ఆయన కాగితం మీద పడుకోడు కదా. నీదే తిప్పుదాం. కాకపోతే పూర్తి చుట్టు వద్దు. చుట్టులో కంటికి ఎదురుగా వచ్చే ముక్క కోసెయ్. సగం చుట్టే రెండుసార్లు తిప్పు, మంచం కాస్త పక్కకి పెట్టి."

నాలుగింటికి ఫోన్ మోగింది. "కోసెయ్యండి," అంది గీతలక్క. ఆవిడ లేకుండానే కోశారు. అటెండరు కాగితం ప్లేట్లో ఒక ముక్క తెచ్చి పెట్టాడు. నిండా క్రీమే.

అయిదుంబావుకి లెక్క తేలింది. నలభై ఏడు. అయిదు నిమిషాలు. మెదడు అడుగు దాకా ఎర్రగీత లోపలంతా కిరణం నిండింది.

డాక్టరమ్మ వచ్చి, మధ్యాహ్నం సంగతి విని, అక్కడే నిలబడి నూట నలభై ముక్కలూ చూసింది. ఎముక దగ్గర ఆగింది.

"ఇక్కడ స్కాన్లో ఏమీ కనపడట్లేదు కదా, గీతలక్కా?"

"కనపడదు. ఉంటుంది."

ఇంకో మాట అడక్కుండా సంతకం పెట్టింది. కింద గళ్లు రెండు. ప్లాన్ వేసినవారు అన్నచోట గీతలక్క తమ్ముడి పేరు రాసింది. గీసినవారు అన్నచోట తన పేరు, కొంచెం పెద్దగానే రాసింది.

వసారాలో గడియారాల ఆయన రేపటి టైము కోసం కూర్చుని ఉన్నాడు.

"పొద్దున తొమ్మిదింటికి రండి. అయిదు నిమిషాలే. దగ్గొస్తే ముందే దగ్గేసి పడుకోండి."

"మీరుంటారా అమ్మా?"

"నేనుండను. నా గీత ఉంటుంది."

ఏ గీతో ఆయనకి అర్థం కాలేదు. ఆవిడ అన్న తీరుకి మాత్రం తల ఊపాడు. గీతలక్క సంచీ భుజానికి తగిలించుకుని, రోజూ ఎక్కే బస్సు తప్పిపోతుందని కాస్త గబగబా మెట్లు దిగి వెళ్లిపోయింది.

లోపల బల్ల మీద ఆవిడ మౌస్ ఉంది, ఎడమ బటన్ మీద నల్లరంగంతా అరిగిపోయి, సరిగ్గా ఒక వేలి మేర తెల్లగా, నున్నగా.