వెర్నా ఖాళీగా వదిలిన ప్రశ్న

బ్యూట్ అనే ఊళ్ళో స్కూలు బస్సు నడిపే వెర్నా కల్లియో ఎనిమిదేళ్ళు సాయంకాలం క్లాసులకు వెళ్ళి గణితంలో డిగ్రీ తెచ్చుకుంది. నలభై ఏడో ఏట పై చదువుకు ప్రవేశపరీక్ష రాస్తానంది. దేశమంతటికీ ఒకే పేపరు, అరవై ఆరు ప్రశ్నలు, తప్పు రాస్తే పావు మార్కు కోత.

"పక్కనంతా మన అమ్మాయి కెల్లీ ఈడు పిల్లలుంటారు. నిన్ను చూసి కాపలా టీచరనుకుంటారు," అన్నాడు మొగుడు రస్.

"అనుకోనీ. భయపడి కాపీ కొట్టకుండా ఉంటారు."

మంచులో నూట ఇరవై మైళ్ళు తనే కారు నడుపుకుంటూ మిజూలా వెళ్ళి పరీక్ష రాసింది. నలభై ఒకటో ప్రశ్న దగ్గర పెన్సిలు ఆగింది. మూడు రకాలుగా లెక్క కట్టింది. మూడుసార్లూ ఒకటే జవాబు. ఇచ్చిన ఐదింటిలోనూ అది లేదు. ఏదో ఒక గడి నింపేయడానికి మనసొప్పలేదు. ఖాళీగా వదిలి ముందుకు సాగింది.

మర్నాడు వంటింటి బల్ల మీద కాగితాలు పరుచుకుని, పరీక్ష పెట్టినవాళ్ళకు ఉత్తరం రాయసాగింది. రస్ తొంగి చూశాడు.

"పిచ్చిదానా! నువ్వెలాగూ వదిలేశావు. ఆ ప్రశ్న కొట్టేస్తే తప్పు పెట్టినోళ్ళకి కోత తిరిగొస్తుంది. వాళ్ళు పైకెళ్తారు, నువ్వు కిందికి దిగుతావు!"

"దిగితే దిగుతాను. లెక్క తప్పు, రస్. తెలిసీ ఎట్లా ఊరుకోను?"

నాలుగు పేజీల నిరూపణ పోస్టులో వేసింది. మార్కులొచ్చాయి. నూటికి ఎనభై నాలుగు మందిని దాటింది. మరో మూడు వారాలకు రెండో కవరు వచ్చింది. ఆమె చెప్పింది నిజమేనని ఒప్పుకుని ప్రశ్న రద్దు చేశారు, అందరి పేపర్లూ మళ్ళీ దిద్దారు. ఇప్పుడామె దాటింది ఎనభై మూడు మందిని.

రస్ ఆ ఉత్తరం రెండుసార్లు చదివాడు. కళ్ళు తుడుచుకుని, దాన్ని జేబులో పెట్టుకుని, కాఫీ హోటల్లో కనబడ్డ ప్రతివాడికీ చూపించాడు.

"మా ఆవిడ వల్ల దేశమంతా మార్కులు పెరిగాయిరా, ఆవిడవి తప్ప!"

ఏప్రిల్లో మిజూలా యూనివర్సిటీ సీటిచ్చింది. ఆగస్టులో వెర్నా బస్సు తాళాలు డిపోలో అప్పగించి, మిజూలాలో గది చూసుకోవడానికి బయల్దేరింది.