నాలుగో వాక్యం

పొద్దున్నే బకెట్టూ పాతగుడ్డా పట్టుకుని రోడ్డు మీది విగ్రహం దగ్గరికి పోవడం నా మొదటి పని. మా ఆయన రాజశేఖర్ భుజాల మీద కాకులు చేసిన పాడంతా కడిగి, కింద గ్రానైటు పలక తుడుస్తాను. ఆ పలక మీద ఆయన మాట ఒక్కటీ లేదు. ఉన్నవన్నీ నావే.

ఆరేళ్ల కిందట సరిహద్దులో కాల్పులు జరిగిన వారంలో ఆయన పెట్టెలో వచ్చాడు. ఎవరో నా నోటి ముందు మైకు పెట్టారు. "మా ఆయన చావలేదు. దేశం కోసం పోయినోడికి చావు లేదు. ఆయన ఇల్లు ఖాళీ కాదు. ఈ గడప దాటకుండా నేనే కాపలా ఉంటా." ఎవరూ రాసివ్వలేదు. ఇరవై ఆరేళ్లదాన్ని, రెండు రోజులుగా అన్నం ముట్టనిదాన్ని, ఆ క్షణాన అది నిజం. అర నిమిషం కూడా పట్టలేదు. ఆ వీడియో చూసి చుట్టుపక్కల కుర్రాళ్లు మిలటరీకని పరుగులు మొదలుపెట్టారు. పక్కింటి ఆదెమ్మత్త కొడుకు అట్లాగే చేరాడు. అందరూ నాకు దణ్ణం పెడతారు. నేను కొత్త చీర కట్టిన రోజున మాత్రం ఫోన్లో ఆ పాత వీడియో పెట్టుకుని చూస్తారు. కాపలా అంటే ఏమిటో నాకు తర్వాత తెలిసింది. రెండు గేదెలు, అత్తకి ఇన్సులిన్, మిరప కోతలప్పుడు ముప్పై మందికి వంట.

పోయిన నెల నాకు విజయపురి సౌత్‌లో ఉద్యోగం వచ్చింది. ఆగస్టు పదహారుకల్లా చేరాలి, ఈ ఇల్లు వదిలి అక్కడే ఉండాలి. మామ శివరామయ్య ఆర్డరు కాగితం చదివి, మడతపెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "ఊళ్లో ఏమని చెప్పుకోవాలమ్మా? రాయి మీద చెక్కించాం గదా" అన్నాడు. అత్త రామాయమ్మ ఇంకా మెత్తగా, "వాడి పరువు నీ నోట్లోనే ఉందే" అంది. తిట్టి ఉంటే తిరగబడేదాన్ని.

ఈ పంద్రాగస్టుకి విగ్రహం ముందు నా ప్రసంగం చెప్పడానికి బడివాళ్లు నా కూతురు జాహ్నవిని ఎంచారు. దానికి ఎనిమిదేళ్లు. ముందురోజు వంటింట్లో అప్పజెప్తుంటే నాలుగో వాక్యం దగ్గర నా చేతిలో గరిటె ఆగిపోయింది. భయమేసింది నాకు.

"అది వద్దు. మూడు చాలు" అన్నాను.

"రాయి మీద నాలుగున్నయ్ గదమ్మా?"

"నాలుగోది నాది. నేను తీసేసుకుంటున్నా."

ఆరేళ్లలో నేను చేసిన ధైర్యం అదొక్కటే. అది మూడు చెప్పి దిగితే, అక్కడికక్కడే మామని కాగితం అడుగుదామనుకున్నాను. ఎట్లా అడగాలో కూడా అనుకుని పెట్టుకున్నాను.

జాహ్నవి మైకు ముందు నిలబడి మూడు వాక్యాలూ తడబడకుండా చెప్పింది. ఆగింది. పిల్ల మర్చిపోయిందనుకున్నారు. ముందు ఆదెమ్మత్త నాలుగోది అందించింది, తర్వాత బడిపిల్లలు, ఆ తర్వాత ఊరంతా ఒక్క గొంతుతో. నా కూతురు నా వంక చూసింది. తర్వాత తనూ వాళ్లతో కలిసి చెప్పింది.