చివికిపోవలసిన దారం

నేను ఒక అద్దంలేని కెమెరాను. పెద్ద కెమెరాల కడుపులో అద్దం ఒకటి పైకీ కిందికీ కొట్టుకుంటూ ఉంటుంది; నాకు ఆ బాధ లేదు. నా బాధ వేరు. వెలుగును పట్టే నా సెన్సర్ చిన్నది, బొటనవేలి గోరంత. మసక వెలుతురులో నేను తీసిన బొమ్మ మీద సన్నని ఇసుక చల్లినట్టు ఉంటుంది. ఆ చిన్నతనం వల్లనే, చేత్తో మోయగల కటకంతో చాలా దూరం చూడగలను. కానీ మనుషులు వస్తువును కొనేముందు దాని మేలును చూస్తారు, కొన్నాక లోపాన్ని వెదుకుతారు.

సముద్రం అవతల ఒక కర్మాగారంలో, చేతి తొడుగులు వేసుకున్న ఒక స్త్రీ నా మీద దుమ్ము పడకుండా ఊపిరి బిగబట్టి మూత బిగించింది. తరువాత నా వెనుక నిలిచిన వారందరూ అలాగే ఊపిరి బిగబట్టారు. ఎగిరే పక్షి ముందు మనిషికి మరో దారి లేదు కాబోలు.

నా మొదటి యజమాని పినాకపాణి, నెల్లూరులో బ్యాంకు అధికారి. పక్షులంటే ఆయనకు ప్రేమే. బొమ్మలో ఒక్కొక్క ఈక విడివిడిగా కనిపించడమంటే అంతకన్నా ప్రేమ. ఒక ఆదివారం పెద్ద కెమెరా గల మిత్రుడొకడు నన్ను చేతిలోకి తీసుకొని, "పాణీ, దీంట్లో పిచ్చుకైతే పడుద్ది. గూడబాతుకి చోటు చాల్దులే" అన్నాడు. అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు. మూడు నెలల తరువాత నన్ను పులికాటు సరస్సు ఒడ్డున ఉన్న ఒక పక్షుల అధ్యయన కేంద్రానికి దానమిచ్చాడు. దానమంటే కొన్నిసార్లు సిగ్గును గౌరవంగా వదిలించుకోవడం.

ఆ కేంద్రాన్ని నడిపే పరిశోధకురాలు హైమవతి నన్ను చెంగయ్య చేతికిచ్చింది. నలభై ఏళ్లు చేపలు పట్టి, తరువాత ఆమె వద్ద సహాయకుడిగా చేరిన మనిషి. నన్ను పట్టుకోవడం అతడికి రెండు రోజుల్లో వచ్చింది. వలను చేప మీద వేయరు, చేప పోయే దోవ మీద వేస్తారు. అతడు నన్నూ అలాగే ఆకాశంలోకి విసిరేవాడు. అయితే అతడు అన్ని పక్షులనూ తీయలేదు. సంచి ముక్కు గూడబాతులు వచ్చినప్పుడే నన్ను ఎత్తేవాడు. బొమ్మను పెద్దది చేసి, పక్షి రొమ్మును చూసి, నిట్టూర్చి దించేవాడు. దేనికోసమో నాకు చాలాకాలం తెలియలేదు.

ఒక మధ్యాహ్నం అతడి భార్య రవణమ్మ పడవ దగ్గరికి అన్నం తెచ్చింది. నేను చెక్క మీద ఉన్నాను.

"ఏమయ్యా, ముద్ద నోటికి పోదేంది? ఆ పిట్టేమన్నా నీకు మేనత్తా?"

"దానికి ముడి కట్టింది నేను మ్మే. అది ఊడదు."

"ఊడకుంటే మంచిదే గదా. నీ ముడి ఊడిందని ఎవురన్నా అన్నారా ఇన్నాళ్లు?"

"అదే నేను చెప్తుండేది. అది ఊడాల."

అప్పుడు విన్నాను ఆ సంగతి. కిందటి చలికాలంలో ఒక పడుచు గూడబాతు వీపు మీద, అది ఎక్కడెక్కడ తిరుగుతుందో చెప్పే అగ్గిపెట్టెంత యంత్రాన్ని కట్టారు. యంత్రం పట్టీలు రెక్కల కిందుగా వచ్చి రొమ్ము దగ్గర కలుస్తాయి. అక్కడ కట్టమని హైమవతి నూలు దారం ఇచ్చి, తాను పక్షి బరువు రాసుకుంటూ ఉంది. చెంగయ్య ఆ దారాన్ని వేళ్ల మధ్య నలిపి చూశాడు. నీళ్లలో నాలుగు కాలాలు నిలవని దారంతో ముడి వేయడం అతడి కులంలో చేతకానితనం. మొలలోని సంచి నుంచి నీలం నైలాను దారం తీసి వల ముడి వేశాడు. తడిసేకొద్దీ బిగిసే ముడి. పక్షి ఎగిరిపోయాక, టీ తాగుతూ హైమవతి అంది: "రెండేళ్లకి ఆ నూలు చివికిపోతుంది చెంగయ్యా. యంత్రం దానంతటదే రాలిపోతుంది, పక్షికి ఏ భారమూ ఉండదు." అతడు టీ తాగేసి గ్లాసు కడిగి పెట్టాడు. ఆ రోజు చెప్పలేదు. మరునాడు చెప్పడం ఇంకా కష్టమైంది. కార్తీకంలో యంత్రం నుంచి కబురు ఆగిపోయింది. యంత్రమే చెడిందో, పక్షి చచ్చిందో. పక్షి పెరుగుతుంది, పట్టీ పెరగదు.

"మేడంకి చెప్పినావా?" రవణమ్మ అడిగింది.

"పిట్ట బతికి కనపడితే చెప్తా."

"చచ్చుంటే?"

అతడు చేయి కడుక్కున్నాడు. నిజం చెప్పడానికి కూడా మనిషి శకునం చూస్తాడు.

ఆనాటి నుంచి అతడి భయం నాకూ పట్టుకుంది. గూడబాతుల గుంపు వస్తే నా చూపు దగ్గరి పక్షి మీదికి ఉరికేది. ఆ వెనుకది తప్పిపోయిందేమో. పొగమంచులో నా బొమ్మల నిండా ఇసుక. ఆ ఇసుక కింద ముడి కప్పబడిందేమో. నాలో ఒక ఏర్పాటు ఉంది: మీటను సగం నొక్కి ఉంచితే, పూర్తిగా నొక్కడానికి ముందటి అర సెకనును కూడా దాచి ఇస్తాను. మనిషి ఆలస్యానికి ఇంతకంటే పెద్ద క్షమాపణ నేను ఇవ్వలేను. పదకొండు నెలల ఆలస్యానికి నా దగ్గర ఏర్పాటు లేదు.

సంక్రాంతి దాటిన ఒక తెల్లవారుజామున ఏడు పక్షులు పడవ మీదుగా వచ్చాయి. అయిదవదాని రెక్క లయ తప్పుతూ ఉంది. చెంగయ్య ఆలస్యంగా నొక్కాడు. అది దాటిపోయింది. నేను దాచిన అర సెకనులో, రెక్కలు పైకి లేచిన ఒకే ఒక బొమ్మలో, రొమ్ము మీద రాలిన ఈకలు, ఎర్రని చర్మం, దాని నడుమ ఒక నీలపు చుక్క.

అతడు పెద్దది చేశాడు. చుక్క ఇసుకలో కలిసింది. చిన్నది చేశాడు. మళ్లీ కనిపించింది. అతడి వేలు చెరిపే మీట మీదికి వచ్చి ఆగింది. నా లోపం అతడికి ఆశ్రయమవుతుందేమోనని నేను భయపడ్డాను. నా జీవితమంతా వెక్కిరింతకు గురైన ఆ మసక, ఇప్పుడు ఒక మనిషికి దాక్కునే చోటు ఇవ్వబోతోంది.

వేలు వెనక్కి వెళ్లింది. అతడు నన్ను హైమవతి బల్ల మీద పెట్టాడు.

ఆమె కళ్లజోడు ఎత్తి చూసింది. "గాయం కనపడుతోంది. ఈ నీలం మాత్రం నమ్మలేం చెంగయ్యా. చిన్న సెన్సర్ కదా, వెలుతురు చాలకపోతే లేని రంగులు చూపిస్తుంది."

నేను చేయగలిగిందేమీ లేదు. అతడు తప్పించుకునే తలుపు తెరిచే ఉంది. అతడు తలూపితే చాలు.

"లేని రంగు గాదు మేడం. నా దారం అది. నైలాను."

ఆమె కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఎందుకు మార్చావు?"

"నూలు తెగిపోద్దని. మంచిపని చేసినాననుకున్నా."

"పదకొండు నెలలు నాతో టీ తాగావు చెంగయ్యా."

"తాగినా."

ఆమె కుర్చీలోంచి లేచింది. "వల ఏది వాడదాం?"

తొమ్మిది రోజులు బురదలో కాచారు. పదవనాడు పక్షి చిక్కింది. వల ముడి విప్పడానికి రాదు. చెంగయ్య కత్తిమొన పెట్టి ఒక్కొక్క పోగునే కోశాడు. యంత్రం ఊడింది. హైమవతి గాయానికి మందు రాసింది. ఎగిరే బొమ్మ తీయమంటే అతడు వద్దన్నాడు, నన్ను పడవలో బోర్లా పెట్టాడు. రెక్కలు నీటిని కొట్టిన చప్పుడు విన్నాను. తరువాత ఆ చప్పుడు ఆగింది. ఎగిరినా ఆగుతుంది, కూలినా ఆగుతుంది. అతడు పలికితే తెలిసేది. "పోయింది" అన్నాడు, ఆ మాటకూ రెండు దారులున్నాయని నేను కలవరపడ్డాను. హైమవతి నవ్వు వినబడ్డాకే నెమ్మదించాను.

ఇప్పుడు నా మీట అరిగింది. కేంద్రంలోని గాజు అలమరలో, సరస్సు కనిపించే కిటికీకి ఎదురుగా నన్ను ఉంచారు. ఆ పక్షి మీద మేము కట్టినది ఏదీ మిగలలేదు. దాన్ని విడిపించడమంటే దాన్ని పోల్చుకునే హక్కు వదులుకోవడమే. ఎంత పెద్ద సెన్సరైనా ఇక ఏమీ చేయలేదు. సాయంత్రం గూడబాతులు కిటికీ మీదుగా పోతుంటే చెంగయ్య గుమ్మంలోకి వచ్చి మెడ ఎత్తి నిలబడతాడు.

"అదేనా?" రవణమ్మ అడుగుతుంది.

"ఏమో మ్మే" అంటాడు, చివరి పక్షి కూడా కనుమరుగయ్యేదాకా చూస్తూ.