నాంచారమ్మ గంగాళం

నేను ఒక గంగాళాన్ని. రాగిదాన్ని. ఇప్పుడు నన్ను చూసి రాగి అంటే ఎవరూ నమ్మరు, ఒళ్లంతా పచ్చగా చిలుం పట్టింది. వచ్చారుగా, కాసేపు నిలబడండి. చెప్పడానికి నాకు ఓపిక లేదు గానీ, చెప్పకుండా ఉండడానికి అంతకన్నా లేదు.

నన్ను కొట్టిన కంచరి సుత్తి దెబ్బలు గుర్తులేవు. పుట్టేటప్పటి నొప్పి ఎవరికి గుర్తుంటుంది లెండి. నన్ను కొన్నది సముద్రపొడ్డున గుల్లపాలెంలో ఉండే మంత్రసాని నాంచారమ్మ. కొన్నరోజే నా పొట్ట మీద తన పేరు చెక్కించుకుంది. చదువు రాదు పాపం, ఆ అక్షరాల మీద వేలు రాసుకుంటూ మురిసిపోయేది. ఊళ్లో ఏ ఇంట్లో నొప్పులు మొదలైనా నన్ను నెత్తిన పెట్టుకుని వెళ్లేది. వావిలాకు వేసి మరిగించిన నా నీళ్లతోనే బాలింతకు స్నానం. పని అయ్యాక చింతపండు పెట్టి తోమేది. తోముతున్నంతసేపూ తిట్టేది, ఈ బండ గంగాళాన్ని మోయలేక చస్తున్నానని. ఆ తిట్లకే నేను తళతళలాడేదాన్ని.

అప్పట్లో ఉప్పు మీద దొరల పన్ను ఉండేది. ఎదురుగా అంత సముద్రం, కాళ్ల కింద ఉప్పు నేల, అయినా మీరు పిడికెడు ఉప్పు చేసుకుంటే నేరం. మనుషుల చట్టాలు నాకెప్పుడూ అర్థం కాలేదు. ఒక వేసవిలో ఊరి కుర్రాళ్లు ఒడ్డున పొయ్యిలు పెట్టి ఉప్పు కాచారు. పోలీసులు వచ్చి కుండలు పగలగొట్టి పోయారు. మళ్లీ కుండలు, మళ్లీ లాఠీలు. చివరికి కుర్రాళ్లు వచ్చి నన్ను ఇమ్మని నాంచారమ్మను అడిగారు. ఉప్పు రాగిని తినేస్తుందని నాంచారమ్మకు తెలుసు, చాలాసేపు గొణిగింది. తర్వాత, కాచుకున్నాక చింతపండేసి తోమి మరీ ఇవ్వాలని చెప్పి పంపింది. తోమే అవకాశం వాళ్లకు దొరకలేదు. పోలీసులు మళ్లీ వచ్చారు. నేను పగలలేదు, పక్కన ఒక సొట్ట మాత్రం పడింది. అడుగున ఉప్పు ఎండి ఉండగానే నా మూతికి గుడ్డ కట్టి, లక్కతో సీలు వేసి, ఉప్పు ఆఫీసు వరండాలో పడేశారు.

ఆ ఆఫీసు ఇన్‌స్పెక్టరు సదాశివరావు. చెడ్డవాడు కాదు, భయస్తుడు. నా పొట్ట మీది పేరు చూసి కేసు నాంచారమ్మ మీదే రాశారు. ఆమె నాకోసం వస్తే మెల్లగా సలహా కూడా ఇచ్చాడు. గంగాళం ఎవరో ఎత్తుకుపోయారని చెబితే నిన్ను వదిలేస్తాను, గంగాళం మాత్రం సర్కారుదైపోతుంది అన్నాడు. ఆమె కొంగు దులుపుకుని వెళ్లిపోయింది. ఊరు మాత్రం ఊరుకోలేదు. ఆఫీసు వాళ్లకు చాకలి బట్టలు ఉతకకూడదు, మంగలి గడ్డం చేయకూడదు, ఎవరూ నిప్పు గానీ నీళ్లు గానీ ఇవ్వకూడదని కట్టడి చేసింది. ఇన్‌స్పెక్టరు గారి మొహం గడ్డంతో మాసిపోవడం చూసి నేను లోలోపల నవ్వుకున్నాను. ఆ నవ్వు ఎక్కువ నాళ్లు నిలవలేదు.

ఆయన భార్య విశాలాక్షికి నెలలు నిండాయి. కాపురం ఆఫీసు వెనక గదుల్లోనే. ఒకనాటి మధ్యాహ్నం ఆ పిల్ల కేక విన్నాను. అలాంటి కేకలు నాకు బాగా తెలుసు, బిడ్డ అడ్డం తిరిగినప్పటివి. సదాశివరావు టోపీ కూడా పెట్టుకోకుండా నాంచారమ్మ ఇంటికి పరుగెత్తాడు. నాంచారమ్మ వస్తుంటే కుర్రాళ్లు దారికి అడ్డం నిలబడ్డారట. ఊరి మాట తప్పుతావా అన్నారట. ఆమె వాళ్లను తోసుకుంటూ వచ్చేసింది. లోపలికి వెళ్లి చూసి, గబగబా బయటికి వచ్చింది.

"నా గంగాళం తియ్యండి. చాలా నీళ్లు కావాల."

"అది సాక్ష్యం, నాంచారమ్మా. సీలు తెంపితే నా ఉద్యోగం పోతుంది."

"తెంపకపోతే మీ ఆడమనిషి పోద్ది."

ఆయన లక్క పీకాడు. దొరగారి ముద్ర ముక్కలు ముక్కలుగా నేలరాలింది. ఉప్పు ఆఫీసు వరండాలోనే నాంచారమ్మ నాలోని ఉప్పంతా కడిగి పారబోసింది. కేసంతా అలా తూములోకి పోయింది. పొయ్యి ఎక్కి నేను కుతకుత ఉడికాను. పొద్దుగూకేలోపు ఆడపిల్ల పుట్టింది, తల్లి బతికింది. ఆ తర్వాత ఆయన నాకు మళ్లీ గుడ్డ కట్టి, కొత్త లక్క పోసి, పాత ముద్రే వేశాడు. నాంచారమ్మ నన్ను ఒకసారి తడిమి, ఖాళీ చేతులతో ఇంటికి పోయింది.

కోర్టులో మేజిస్ట్రేటు ముందు సీలు విప్పారు. నాలో ఉప్పు లేదు. అడుగున అంటుకుని ఒక వావిలాకు మాత్రం ఉంది. అందరూ ముక్కున వేలేసుకున్నారు. ఉప్పు ఏమైందని మేజిస్ట్రేటు గద్దించాడు. సదాశివరావు నోరు విప్పితే ఉద్యోగం పోయి జైలుకు పోతాడు. ఇంట్లో చూస్తే పచ్చి బాలింత. నాంచారమ్మ నోరు మూసుకుంటే చాలు, సాక్ష్యం లేదు కనుక కేసు కొట్టేస్తారు. ఉప్పు మాయమైన నేరం ఆయన మీద పడుతుంది గానీ, ఆమె నన్ను నెత్తిన పెట్టుకుని ఇంటికి పోవచ్చు. ఊరుకోవే తల్లీ, ఊరుకో అని నేను ఎంత మొత్తుకున్నానో. గంగాళం మొర ఎవరికి వినిపిస్తుంది?

ఆమె ఒకసారి సదాశివరావు మొహం చూసింది. "ఉప్పు కాయించింది నేనే, బాబూ. గంగాళం నాది, పేరు చూసుకోండి. పోలీసులు వచ్చేలోపే కడిగేశా. ఈ అయ్యకేం తెలవదు" అంది.

ఆరు నెలలు వేలూరు జైలు. నేను సర్కారు వశం. నన్ను వేలానికి పెడితే ఊళ్లో ఒక్కరూ పాడలేదు. నాంచారమ్మ సొత్తు కొనడం పాపమన్నారు. అందుకని ఆఫీసు మూల పడి ఉన్నాను. సదాశివరావు బదిలీ అయి పోతూ నా ముందు చేతులు జోడించాడు. దండం ఎవరికి పెట్టాలో వాళ్లకు పెట్టలేక నాకు పెట్టాడు.

స్వరాజ్యం వచ్చింది. ఆఫీసు మీద జెండా మారింది, సున్నం కూడా కొత్తగా వేశారు. నాంచారమ్మ నడుం వంగిపోయి, కర్ర పొడుచుకుంటూ వచ్చింది. కొత్త ఆఫీసరు మర్యాదస్తుడు, కుర్చీ వేయించాడు. ఒకసారి సర్కారు వశమైనదాన్ని తిరిగి ఇవ్వడానికి రూలు లేదమ్మా అన్నాడు. ఇప్పుడు దొరలది కాదు, మన సర్కారే కదా, మనదే కదా అని ఓదార్చాడు.

"మనదైతే ఇచ్చెయ్యి, నాయనా" అంది నాంచారమ్మ.

ఆమె కొంగున మూటకట్టిన చింతపండు విప్పి, అక్కడే చతికిలబడి నన్ను తోమడం మొదలుపెట్టింది. ఎవరూ ఆపలేదు. తర్వాత ఏటేటా వచ్చి తోమిపోయేది. తిట్లు మాత్రం మానేసింది. ఒక ఏడు రాలేదు. ఆ మరుసటి ఏడూ రాలేదు.

ఇప్పుడు ఈ మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఉన్నాను. ఉప్పు సత్యాగ్రహంలో దేశభక్తులు వాడిన పాత్ర అని రాసిపెట్టారు. లాఠీ సొట్ట బాగా కనబడాలని ఆ వైపు మీకేసి తిప్పారు. పేరున్న వైపు గోడకు ఆనింది. అద్దం మాత్రం పొద్దున్నే వచ్చి రోజూ తుడుస్తారు. శుభ్రంగానే ఉంటుంది, చూడండి. నన్ను తోమడానికే ఎవరూ లేరు.