మత్తు డాక్టరు అడిగిన కులం

నేను ఆర్టీసీలో కండక్టరును, జమ్మలమడుగు డిపో. పదకొండేళ్లుగా ప్రొద్దుటూరు బస్సులో జనాన్ని "యాడికి?" అని అడగడమే నా పని. అందుకేనేమో, నన్నెవరైనా ప్రశ్నలడిగితే మాత్రం ఒళ్లు మండుతుంది. పిత్తాశయంలో రాళ్లున్నాయి, ఆపరేషన్ చేయాలని ప్రొద్దుటూరు ఆసుపత్రిలో సర్జన్ చెప్పినప్పుడు నేను భయపడలేదు. "ముందు మత్తు డాక్టరును కలవండి, ఆమె కొన్ని వివరాలు అడుగుతారు" అన్నప్పుడే విసుగొచ్చింది.

నా మొగుడు షాహుల్ కువైట్‌లో ఉన్నాడు. సెలవు దొరకలేదు. అందుకని పులివెందుల నుంచి మా అమ్మ ఖమ్రున్నీసా తోడొచ్చింది. నేను అమ్మీకి ఒక్కగానొక్క బిడ్డను. పెళ్లయిన పదేళ్లకు కలిగానట. ఆ ముద్దుకు తోడు నాన్న కూడా పోయాక, నాకు తుమ్మొచ్చినా తాయెత్తు కట్టే రకంగా తయారైంది. ఆపరేషన్ మాట వినగానే పులివెందులలో ఉన్న దర్గాలన్నీ తిరిగొచ్చింది.

మత్తు డాక్టరు పేరు భావన. చిన్న గది. ఇద్దరు ముగ్గురిని ఒకేసారి లోపల కూర్చోబెట్టుకుని వరసగా చూస్తోంది. నాకు ఒక పక్క అమ్మీ, ఇంకో పక్క కుర్చీలో బంగారు అంగడివాళ్లావిడ ధనలక్ష్మి, హెర్నియా ఆపరేషన్‌కు వచ్చింది. డాక్టరు నోరు తెరిచేలోపే నేను మొదలుపెట్టాను.

"మధ్యలో మెలకువ వస్తే ఎట్ల మేడం?"

"రానివ్వను. ఆపరేషన్ అయ్యేదాకా నేను మీ తల దగ్గరే ఉంటాను."

"అసలు లేయకపోతే?"

"అది చాలా అరుదు. అట్లా కాకూడదనే ఇన్ని ప్రశ్నలు అడుగుతాం."

"మత్తులో మనసులోవన్నీ కక్కేస్తారంట గదా?"

"గొంతులో గొట్టం పెడతాను. ఇంకేం మాట్లాడతారు?"

ధనలక్ష్మి పకపకా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. తర్వాత డాక్టరు వంతు. ఊగే పళ్లున్నాయా, ఉబ్బసముందా, ఇంతకుముందు ఎప్పుడైనా మత్తు తీసుకున్నారా? అన్నింటికీ లేదు లేదు అంటూ పోయాను. "మీ రక్తసంబంధీకుల్లో ఎవరికైనా మత్తు వల్ల ఇబ్బంది వచ్చిందా?"

"మా అమ్మకు గర్భసంచి తీసినారు. మత్తు దిగీ దిగకముందే టీ అడిగింది" అన్నాను. డాక్టరు నవ్వుతూ 'ఏమీ లేదు' అని రాసుకుంది. అమ్మీ కొంగు సర్దుకుంది.

ధనలక్ష్మి వంతు వచ్చింది. ఆమెను అడిగిన మొదటి ప్రశ్నే, "మీరు వైశ్యులా అమ్మా?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. బస్సెక్కినవాళ్లను నేనెప్పుడైనా కులమడిగి టికెట్ ఇచ్చానా? "మత్తుమందుకు గూడా కులమేనా మేడం? శానా బాగుండాది!" అన్నాను.

డాక్టరు కోప్పడలేదు. "గొంతులో గొట్టం వేసేముందు కండరాలు వదులు కావడానికి ఒక మందు ఇస్తాం. మామూలుగా అయితే కొద్ది నిమిషాల్లో దాని పని అయిపోతుంది. కొందరి రక్తంలో దాన్ని అరిగించే పదార్థం తక్కువగా ఉంటుంది. వాళ్లకు గంటలకొద్దీ ఊపిరి దానంతటది రాదు. ఎవరికైనా ఉండొచ్చు గానీ, తరతరాలుగా వాళ్లలో వాళ్లే పెళ్లిళ్లు చేసుకోవడం వల్ల వైశ్యుల్లో కాస్త ఎక్కువ. అందుకే అడుగుతాను. రక్తపరీక్షలో తెలిసిపోతుంది. తెలిస్తే ఆ మందు వాడం" అంది.

"మా తమ్మునికి అట్లనే అయింది" అంది ధనలక్ష్మి. "నాలుగు గంటలు మిషనే ఊపిరి పోసింది. బయట మేము సచ్చి బతికినాం."

నాకు కొంచెం సిగ్గేసింది. "మేము సాయిబులం, మాకా భయం ల్యా" అని సర్దుకుని లేచాను. అమ్మీ మాత్రం లేవలేదు.

"ముందుగా తెలీకపోతే ఏమైతాదమ్మా?" అని అడిగింది డాక్టరును.

"కంగారు పడతాం. మిషన్ మీద పెట్టి కాచుకుంటాం. చాలామంది బాగానే లేస్తారు."

"శానామంది" అంది అమ్మీ. "అందరూ గాదు."

డాక్టరు ఏదో చెప్పబోయింది. అమ్మీ ఆగలేదు. "ఆ పరీక్ష నా బిడ్డకు గూడా రాయమ్మా" అంది.

"మీకు అవసరం లేదమ్మా. మీ ఇంట్లో ఎవరికీ ఇబ్బంది రాలేదన్నారు కదా."

"మా ఇంట్లోది గాదు. దాని ఇంట్లోది."

నేను ఫక్కున నవ్వాను. "అత్తగారోళ్ల రక్తం నాకెట్లొస్తాది అమ్మీ?"

అమ్మీ నా వైపు తిరగలేదు. రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుంది. "దీన్ని నేను కన్లేదమ్మా. ఈమె మాదిరే వైశ్యుల బిడ్డ" అని ధనలక్ష్మి వైపు చెయ్యి చూపించింది.

మాట చెవిలో పడింది గానీ బుర్రకెక్కలేదు. ఎవరి గురించో అనుకున్నాను. ధనలక్ష్మి నోటి మీద చెయ్యి పెట్టుకుని నా ముఖంలోకి చూస్తోంది. ఆ చూపు చూశాకే అది నా గురించేనని అర్థమైంది. డాక్టరు ఆమెను బయట కూర్చోమని పంపి తలుపు వేసింది.

అమ్మీ డాక్టరుకే చెప్పింది, నాకు కాదు. "ముప్పై మూడేండ్ల కిందట ఈ ఊళ్లోనే ఒక నర్సింగ్‌హోంలో ఆయాగా ఉంటి. జమ్మలమడుగు నుంచి ఒక పిల్లను తెచ్చిరి. పెండ్లి కాలేదు. బిడ్డకు తండ్రి ఆ పిల్ల సొంత మేనబావే, ఇద్దరూ వైశ్యులే. రెండిండ్లకు పడక పెండ్లి చేసేది ల్యా అనిరి. కాన్పయినాక ఆ పిల్ల తల్లి బిడ్డను నా చేతిలో పెట్టి, యాడన్నా ఇడ్సిపెట్టు అనె. యాడ ఇడ్సాలమ్మా నేను? పదేండ్లు బిడ్డల్లేక ఏడ్సినదాన్ని. మా ఆయనా నేనూ పులివెందులకు ఎత్తుకపోయి, పుట్టినింట్లో కంటినని చెప్పుకుంటిమి."

"ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలేదు?" అని అరిచాను. అది నా గొంతులాగా లేదు.

"చెప్పాలని ఏ పొద్దూ అనుకోల్యా. నాతోపాటే ఖబరస్తాన్‌కు తీసుకపోదామనుకుంటి" అంది. అప్పటికి గానీ నా వైపు చూడలేదు. "ఊపిరి రాదనె గదా ఈమె. ఇంకేం జేతు?"

రక్తం తీసుకున్నారు. శాంపిల్ బయట ల్యాబుకు పోవాలి కాబట్టి ఆపరేషన్ మూడు రోజులు వాయిదా వేశారు. సాయంత్రం మా డిపో బస్సులోనే జమ్మలమడుగు వచ్చాం. డ్రైవరు రాజశేఖర్ "ఏమైందక్కా?" అని అడిగితే వాయిదా పడిందని చెప్పి వెనక సీట్లోకి పోయాను. బస్సెక్కిన ప్రతి నడివయసు ఆడమనిషి ముఖమూ చూశాను. ఈ పదకొండేళ్లలో నన్ను కన్నావిడకు నేనెన్నిసార్లు టికెట్ కొట్టిచ్చానో! చిల్లర లేదని కసిరానేమో కూడా!

ఆ మూడు రోజులూ అమ్మీతో మాట్లాడలేదు. వండి పెడితే తిన్నాను, పిలిస్తే పలకలేదు. నిజం చెబుతున్నాను, నాకు ఆమె మీద కోపం కంటే భయమే ఎక్కువ. ఆ పరీక్ష మామూలుగా రావాలని ఐదు పూటలా నమాజు చేసి దువా అడిగాను. ప్రాణం కోసం కాదు. మామూలుగా వస్తే ఇదంతా అబద్ధమైపోతుందని. ముసలావిడకు మతి తప్పి ఏదేదో వాగిందని అందరం నవ్వుకోవచ్చని. మామూలుగా వచ్చినంత మాత్రాన ఏమీ రుజువు కాదని తెలుసు. అయినా మునిగేవాడికి గడ్డిపరకే దిక్కు. పక్క చాప మీద అమ్మీ కూడా దువా చేస్తూనే ఉంది. ఏమని అడుగుతోందో నేను అడగలేదు.

నాలుగోరోజు డాక్టరు భావన కాగితం తీసి చూసి, నన్ను కూర్చోమంది. "బాగా తక్కువగా ఉంది బుష్రా. ఆ మందు మీకు ఎప్పటికీ ఇవ్వకూడదు. కార్డు రాసిస్తాను, ఎక్కడికెళ్లినా చూపించండి. రేపు వేరే మందుతో చేద్దాం" అంది.

ముప్పై మూడేళ్లు మా అమ్మ అనుకున్న మనిషి నాకేమీ కాదని ఆ కాగితంలో ఒక అంకె చెబుతోంది. అమ్మీ ఏడుస్తుందనుకున్నాను. ఆమె వైపు చూడటానికి ధైర్యం చాలలేదు.

"అంటే ఆ మందు ఇయ్యరు గదమ్మా? నా బిడ్డకు ఊపిరి ఆగదు గదా?" అని అడుగుతోంది అమ్మీ.

"ఆగదమ్మా."

"అల్‌హందులిల్లా!" అంది. చేయి చాచి డాక్టరు దగ్గర నుంచి ఆ కాగితం తీసుకుంది. నన్ను తాను కనలేదని చెబుతున్న ఆ కాగితాన్ని ముద్దు పెట్టుకుని రెండు కళ్లకూ అద్దుకుంది.